విత్తనమునకు కావలి యెవరు?

గత సంవత్సరము మిరపకోతలు ముగియు దినములలో ఒక రైతు మా యాఫీసుకు వచ్చెను. చేతిసంచిలోని యెండుమిరపకాయలను బల్లమీద కుప్పగా పోసెను. ఆ కుప్పలో సన్నని పొడవుకాయలు కలవు. వానినడుమ పొట్టివి కలవు, లావువి కలవు, కొన వంకరపోయినవి కలవు, రంగు పలచబడినవి కలవు. "అన్నీ ఒక్క చేలోవేనండి. మా తాతల నాటి సన్నరకం. వ్యాపారి మచ్చు చూసి, ఇదంతా ఒక రకం కాదు పొమ్మని ధర కోసేశాడు. దావా వెయ్యాలండి" అనెను. ఎవరిమీద నని యడిగితిమి. "అది మీరే చెప్పాలండి" అనెను.

విత్తన మెక్కడ కొన్నారని యడిగితిమి. కొనలేదనెను. తన చేనిలో పండినదే, తన యింటి యాడువారు తీసి యారబెట్టినదే. ఆ విత్తనము తీసిన యేడు ప్రక్క చేలలో ఏమి వేసిరని యడుగగా, ఒక వైపున కంపెనీవారి హైబ్రిడ్ అనియు, గట్టుకు ఆవల బజ్జీమిరప అనియు చెప్పెను. అప్పుడు మాకు ప్రతివాది దొరకెను. కాని వానికి సమను అందజేయుటకు ఏ కోర్టు అమీనాకును శక్తి చాలదు. ఆ ప్రతివాది తేనెటీగ.

ఆ వ్యాజ్యము కోర్టు కెక్కలేదు. కనుకనే దానిని పాఠకుల యెదుట పెట్టుచున్నాము. మన మిరపజాతులు నశించుచున్నవని వాపోవువారు నేడు పెక్కుమంది కలరు. కొందఱు కంపెనీలను నిందింతురు, కొందఱు ప్రభుత్వమును నిందింతురు, మఱికొందఱు కాలమును నిందింతురు. ఆ నిందలలో నిజము లేకపోలేదు. కాని మన చేతులలోనే, మన కన్నులయెదుటనే, విత్తనము దాచుకొంటిమను తృప్తిచాటుననే జాతి చెడిపోవుచున్నదను మాట పలుకువా రరుదుగా నున్నారు. ఆ కటువైన మాట పలుకుటయే నేటి మా పని.

మొదట మిరపపూవు స్వభావము తెలిసికొందము. ఇది మగపూవు, ఆడుపూవు అని వేఱుగా పూయునది కాదు. ఒక్క పూవులోనే పుప్పొడియు కలదు, దానిని గ్రహించు కీలాగ్రమును కలదు. అందుచే మిరప తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. ఈ సంగతి విని, మిరపకు కల్తీభయము లేదని పలువురు నిశ్చింతగా నుందురు. అదియే మోసము. మిరపపూవు ప్రొద్దుట విచ్చును. దాని పుప్పొడితిత్తులు పగులుటకు సాధారణముగా మఱికొంత ప్రొద్దెక్కవలెను. ఆ నడిమి సమయమున కీలాగ్రము పరుల పుప్పొడికి తెఱచిన వాకిలివలె నుండును. కొన్ని రకములలో కీలాగ్రము పుప్పొడితిత్తులను దాటి వెలుపలికి పొడుచుకొని యుండును. అట్టిచోట సొంత పుప్పొడికంటె ముందు తేనెటీగ కాలికంటిన పరాయి పుప్పొడియే తగులుట కవకాశము హెచ్చు. పలుదేశములలో పరీక్షించినవారికి ఈ పరపరాగ సంపర్కము కొన్ని తావుల నూటికి ఏడు పాళ్లుగను, కొన్ని తావుల తొంబదివఱకును కనబడినది. రకమునుబట్టి, తావునుబట్టి, ఈగల సంఖ్యనుబట్టి అది మాఱును. ఇట్టిదానిని నమ్మి గుమ్మము తెఱచి నిదురించుట వివేకము కాదు.

ఇందులో మఱియొక మాయ కలదు. పరాయి పుప్పొడి పడినను ఆ యేటి కాయలో ఆ మార్పు కానరాదు. కాయ తోలు, కండ, రూపు అన్నియు తల్లిచెట్టువే. మార్పంతయు లోపలి గింజలోని మొలకయందు దాగియుండును. అందుచేత రైతు అందమైన కాయను ఏరి, ఇది మా సన్నరకమే యని ముద్దాడి, గింజ తీసి దాచును. మఱుసటి యేడు ఆ గింజ మొలచి, పూచి, కాచినపుడు గాని దొంగ బయటపడడు. అప్పటికి నారు పోసితిమి, కౌలు కట్టితిమి, ఎరువు వేసితిమి, కూలి యిచ్చితిమి. కారము లేని సిమ్లామిర్చి ప్రక్కన కారపుమిరప పెంచి, సిమ్లామిర్చి గింజ దాచినవారు మఱుసటి యేడు కూర వండుకొని కన్నీరు పెట్టుకొనుట ఇందువలననే. కారపుగుణము బలమైనది. తల్లి యెంత చప్పనిదైనను, తండ్రినుండి ఆ గుణము వచ్చెనేని బిడ్డకు కారము తప్పదు.

ఒక చిన్న లెక్క వేయుదము. ఏటేట పది గింజలలో ఒకటి మాత్రమే పరాయి పుప్పొడితో కలిసినదనుకొందము. జాతికి భిన్నమైన మొక్కలను ఏరివేయక, అందిన గింజనెల్ల దాచుకొనుచు పోయిన యెడల, అయిదేండ్లు గడచునప్పటికి నూటికి దాదాపు 59 గింజలు మాత్రమే పరాయిరక్తము సోకనివై మిగులును. తక్కిన 41 గింజలు పేరునకు మాత్రము మనవి. ఇంటిపేరు నిలిచినది, వంశము మాఱినది. ఆ దినమున మా బల్లమీద కుప్పపడిన కాయలు చెప్పిన కథ ఇదియే.

ఇక్కడ ఒక సత్యమును ఒప్పుకొనుట న్యాయము. మిరప మన దేశమున పుట్టినది కాదు. అది అమెరికా ఖండములది. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో మన తీరమునకు చేరినది. అంతకు ముందు మన వంటలకు కారము మిరియముది. అట్లయిన మనదని గర్వించుటకు ఏమి హక్కు కలదు? హక్కు కలదు. వచ్చిన గింజ పరాయిది, దానిని పెంచి తీర్చిదిద్దిన చేయి మనది. నల్లరేగడిలో ఏ మొక్క నిలిచినది, ఏ కాయ ఎండిన పిదప ఎఱుపు చెడక నిలిచినది, ఏది పచ్చడికి, ఏది కారమునకు తగినది అని ఏటేట ఏరి, మంచిదానిని విత్తనమునకు విడిచి, చెడుదానిని వంటకు పంపిన వేల కుటుంబముల తీర్పులే నేటి మన రకములు. గుంటూరు సన్నము అట్టిది. ఎఱ్ఱని రంగునకును, తక్కువ కారమునకును పేరుపడిన వరంగల్ చపాటా అట్టిది. ఈ తీర్పులను వ్రాసి యుంచిన గ్రంథము లేదు. ఉన్న గ్రంథమెల్ల ఆ గింజయే. గింజ చెడిన నాడు ఆ తీర్పులన్నియు రద్దగును.

వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుంటూరు సన్నము అంతకు ముందే ఆ గుర్తింపు పొందియున్నది. సంతోషమే. కాని న్యాయవాదిగా ఒక మాట చెప్పక తప్పదు. ఆ పత్రము అంగడిలో పేరును కాపాడును, పొలములో గింజను కాపాడదు. మఱియొకరు మన పేరు పెట్టి సరకు అమ్మిన యెడల వారిని కోర్టుకు లాగవచ్చును. గట్టుదాటి వచ్చిన పుప్పొడిని లాగలేము. పత్రము గోడకు తగిలించి విత్తనమును గాలికి విడిచిన యెడల, కొంతకాలమునకు పేరు మిగులును, ఆ పేరు గల వస్తువు మిగులదు.

ఈ విషయమున రెండు పక్షములవారు మాకు ఎదురుపడుచున్నారు. మొదటి పక్షము: "ఇంత చిక్కు రైతు కెందుకు? ఏటేట పొట్లము కొనుటయే మేలు, విత్తనశాస్త్రము రైతుకు పట్టువడదు" అనువారు. వీరిలో వర్తకులే కాదు, మన విద్యావంతులును కలరు. వీరికి మా జవాబు ఇది. హైబ్రిడ్‌ను మేము దూషింపము. మంచి హైబ్రిడ్ దిగుబడి నిచ్చును. కావలసిన రైతు కొనవచ్చును. కాని దాని కాయలోని గింజ మఱుసటి యేడు తల్లిపోలిక నిలుపదు గనుక ఏటేట కొనక తప్పదు. పది గ్రాముల పొట్లమునకు వందల రూపాయలు. అందులో పట్టునది సుమారు రెండువేలకు లోపు గింజలు. ఆ పొట్లము మంచిదైనచో సరి. నకిలీదైనచో? పొట్లము తప్ప వేఱొకటి మిగలని గ్రామమున ఆ రైతు ఏ గుమ్మము తట్టవలెను?

కోర్టు గుమ్మము కలదందురు. కలదు. విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చుననియు 2012లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. ఆ వివాదము మన తెలుగునేలనుండి పోయినదే. అయినను తీర్పు వచ్చుసరికి ఎన్ని పంటలు దాటిపోవునో కోర్టుల ఆవరణములలో తిరిగిన మేమెఱుగుదుము. కోర్టు పరిహార మిప్పింపగలదు. పోయిన ఋతువు నిప్పింపలేదు, పోయిన జాతి నంతకంటె నిప్పింపలేదు.

ఇక రైతుకు చేతకాదను మాట. పార్లమెంటు అట్లనుకొనలేదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము 39వ విభాగమున రైతు తన పంటను, అందులోని విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మరల విత్తుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు, అమ్ముటకును హక్కు కలదని వ్రాసినది. చట్టమున రక్షణ పొందిన రకమును బ్రాండు ముద్రతో విత్తనముగా అమ్మరాదను నిబంధన మాత్రము కలదు. 2019లో గుజరాతున ఒక బహుళజాతి సంస్థ బంగాళాదుంప రైతులపై దావాలు వేసి, దేశమంతట నిరసన రేగగా వానిని ఉపసంహరించుకొన్న సంగతి పాఠకులు మఱచియుండరు. ఆ దినమున రైతుకు డాలుగా నిలిచిన వాదము ఈ విభాగమే. లాం పరిశోధనస్థానము వంటివి వెలువరించిన సూటి రకములును కలవు. జాగ్రత్తగా తీసిన యెడల వాని విత్తనము తల్లిపోలికనే నిలుపును. హక్కు కలదు, తగిన రకము కలదు. లేనిది కావలి.

ఇట రెండవ పక్షమువారిని పలుకరింపవలసి యున్నది. వీరు మన మిత్రులే గనుక వీరిపై మా మాట మఱింత కఠినముగా నుండును. వీరు దేశవాళి విత్తనము కొఱకు సభలు చేయుదురు, ఉపన్యసింతురు, చిన్నచిన్న పొట్లములలో గింజలు పంచి పెట్టుదురు. అయ్యా, ఆ పొట్లములోని మిరపగింజ ఏ చేనిలో పండినది? ఆ చేనిచుట్టు ఏమి పూచినది? పూవునకు ముసుగు వేసిరా? ఎన్ని మొక్కలనుండి తీసిరి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని పొట్లముపై "తాతలనాటి రకము" అని వ్రాయుట పరిశీలింపని దస్తావేజుపై సాక్షిసంతకము చేయుటవంటిది. కంపెనీవాడు కల్తీవిత్తన మమ్మిన యెడల నకిలీ యని కేకలు వేయుదుము. మనము భక్తితో, ఉచితముగా, కల్తీవిత్తనము పంచిన యెడల దానికేమి పేరు పెట్టుదము? పొరపాటున పంచినను పుచ్చుకొన్న రైతుకు నష్టము నష్టమే. పైగా ఒకసారి మోసపోయిన రైతు దేశవాళి యను మాటనే నమ్మడు. నేరుగా పొట్లముల దుకాణమునకే పోవును. శత్రువు చేయలేని పనిని మన అశ్రద్ధ చేసిపెట్టును.

కావలి యనగా ఏమి? పెద్ద యంత్రములు కావలెనా? కావు. చేనినడుమ ఆరోగ్యముగా నున్న, రకమునకు తగిన మొక్కలను పూతకు ముందే గుర్తుపెట్టవలెను. ఒక్క మొక్క చాలదు, ఇరువదికి తక్కువ కాకుండిన మంచిది. కాయను చూచి గాక, మొక్కను చూచి యెన్నుకొనవలెను. ముడుత పట్టినదానిని, తెగులు సోకినదానిని విడువవలెను. ఇంకను విచ్చని మొగ్గలున్న కొమ్మకు పలుచని గుడ్డసంచి తొడిగి, చీమ దూరకుండ మూతి కట్టవలెను. అప్పటికే విచ్చిన పూలను, కట్టిన పిందెలను ముందుగా గిల్లివేయవలెను. లోపల పూలు విచ్చిన దినములలో ప్రొద్దెక్కిన పిదప కొమ్మను మెల్లగా కదపిన యెడల సొంత పుప్పొడి రాలి పిందె కట్టును. పిందె గట్టిపడినంతట సంచి తీసి, ఆ పిందె తొడిమకు రంగుదారము కట్టవలెను. దారము కట్టిన కాయయే విత్తనము, తక్కినవన్నియు కల్లమునకు. ఈ దారము తెగిపోకుండ చూచుటయే కావలి.

కాయ చెట్టుననే పూర్తిగా పండవలెను. మచ్చ పడినదానిని, కుళ్లు తగిలినదానిని తీసివేయవలెను, ఏలనన కాయకుళ్లు విత్తనము వెంట మఱుసటి యేటికి ప్రయాణము చేయును. గింజను నీడను బాగుగా ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పోసి, రకము, చేను, సంవత్సరము వ్రాసిన చీటీ అంటింపవలెను. ధ్రువీకరణ విత్తనమునకు మన దేశమున నిర్ణయించిన ప్రమాణమున తేమ నూటికి 8 మించరాదు, మొలక నూటికి 60కి తగ్గరాదు. మన సీసాలోని గింజలను నూరు లెక్కపెట్టి తడిగుడ్డలో మొలకెత్తించి చూచుకొనుట ఏ ఇల్లాలికైనను సాధ్యమే.

అయినను ఒక్క రైతు శ్రమతో కథ ముగియదు. ధ్రువీకరణ పొందిన మిరపవిత్తనము పండించుటకు ఇతర మిరపచేలకు 200 మీటర్ల దూరము ఉండవలెనని నియమము. ఆ విత్తనమునకు మూలమైన ఫౌండేషన్ విత్తనమునకు 400 మీటర్లు. మన దేశమున కమతము సగటు విస్తీర్ణము 2015-16 లెక్కల ప్రకారము 1.08 హెక్టారులు. చతురస్రముగా నున్నదనుకొన్నను దాని భుజము దాదాపు 104 మీటర్లు. రైతు తన చేని నట్టనడుమ నిలుచున్నను పొరుగువాని గట్టు యాబదిరెండు మీటర్లలో నుండును. నియమము 200, అతనికి దక్కునది 52! తన భూమిపై సర్వహక్కులు గల పట్టాదారు తన విత్తనమును తానొక్కడే దూరముచే కాపాడుకొనలేడు. భూమికి సరిహద్దురాళ్లు కలవు, గాలికి లేవు. కావున ఇది ఒక్క రైతు సమస్య గాదు, ఊరి సమస్య.

ఊరికి ఒక ఒప్పందము కావలెను. గ్రామమున ఏదో యొక మూల, ఇతర మిరపచేలకు దూరముగా, వరిచేల నడుమనో తోపు వెనుకనో ఒక విత్తనపుమడి నిర్ణయించుకొనవలెను. అందు ఒక యేడు ఒకే రకము వేయవలెను. ఆ దూరములోపల ఆ యేడు వేఱు మిరప వేయుటకు పొరుగువారు విరమించి, దానికి బదులుగా విత్తనములో పాలు పొందవలెను. అట్టి తావు దొరకనిచోట దోమతెరవంటి సన్నని వలతో పందిరి వేసి నాలుగు ప్రక్కల మూయవచ్చును. పూత వచ్చినపుడును, కాయ వచ్చినపుడును అనుభవజ్ఞు లిద్దఱు మడి తిరిగి బెరుకులను, అనగా జాతికి సరిపడని మొక్కలను, పెఱికివేయవలెను. చెఱువునీరు పంచుకొనుటకు నీరుకట్టును నియమించుకొన్న ఊళ్లు మనవి. నీటికి కావలివాడు కలడు, పంటకు కావలివాడు కలడు. పంటకు మూలమైన విత్తనమునకు లేకుండుట ఏమి న్యాయము?

"ప్రకృతిలో కలయిక సహజము గదా, కలిసిననే క్రొత్తరకములు పుట్టును గదా" అని కొందఱు పండితులు ప్రశ్నింతురు. నిజమే. కలయిక వలననే మిరపకు ఇన్ని రూపములు కలిగినవి. శాస్త్రజ్ఞులు తెలిసి, ఎన్నుకొని, పలు తరములు పరీక్షించి కలుపుదురు. ఆ కలయికను మేము గౌరవింతుము. తెలియక కలిసినదానిని పాతపేరుతో చెలామణి చేయుటను గౌరవింపలేము. పైగా తెలిసి కలుపుటకైనను శుద్ధమైన తల్లి, శుద్ధమైన తండ్రి ఎక్కడనో నిలిచియుండవలెను. 2021-22లో కొత్తరకపు తామరపురుగు మిరపతోటలపై బడి తెలుగునాట రైతులను కన్నీరు పెట్టించినది. రేపు వచ్చు పురుగునకు ఎదురునిలుచు గుణము ఏ మూల ఊరి పాతరకములో దాగియున్నదో ఎవరెఱుగుదురు? అది గుర్తింపబడకమునుపే మనము దానిని కలిపి చెఱిపిన యెడల ఆ పోయిన గుణమును వెదకుటకు మఱియొక తావు ఉండదు.

పట్టణమున పఠనాలయములో కూర్చుండి దీనిని చదువుచున్న సోదరులు తమకు పొలము లేదని పత్రిక మడిచి పెట్టబోవచ్చును. ఒక్క క్షణ మాగుడు. వ్రాతపని, లెక్కపని, పలుకుబడి మీవద్ద నున్నవి. మీ పఠనాలయమున ఒక పుస్తకము తెఱువుడు. చుట్టుపట్ల ఊళ్లలో ఏ మిరపరకము ఎవరివద్ద నున్నది, ఎన్నడు తీసిరి, ఎట్లు కాపాడిరి అను నాలుగు గడులు గీయుడు. దానిప్రక్కన ఒక బీరువాలో చీటీలంటించిన సీసాలు పెట్టుడు. సభలలో గింజలు పంచుమిత్రులను పై నాలుగు ప్రశ్నలు అడుగుడు. జవాబు రాని యెడల ఆ పొట్లమును వంటకు వాడుకొనుడు, విత్తకుడు. మిద్దెమీద కుండీలో రెండు రకములు పెంచువారు ఒకదానికైనను ముసుగు వేసి చూడుడు. పది పూలకు ముసుగు వేసి, వానిలో ఎన్ని పిందె కట్టినవో లెక్కించినవాడు పది ఉపన్యాసములు విన్నవానికంటె ఎక్కువ నేర్చుకొనును.

ఆ రైతు కథ మిగిలియున్నది. దావా లేదని చెప్పి అతనిని ఉత్త చేతులతో పంపుటకు మాకు సిగ్గు కలిగినది. కుప్పలోని సన్నకాయలను వేఱుచేసి, వానినుండి తీసిన గింజనే విత్తి, బెరుకులను ఏరుచు, మిగిలినవానికి ముసుగు వేసి కొన్ని తరములు నడపుమని చెప్పితిమి. "ఎన్నేళ్లు పడుతుందండి?" అనెను. అయిదాఱేండ్లు పట్టవచ్చునంటిమి. కొంతసేపు ఊరకుండి, "మా ఆవిడ పాతచీర ఉంది, సంచులు కుట్టిస్తాను" అని లేచెను. మా వృత్తిలో ఎన్నియో రాజీలు చూచితిమి. ఇంత గౌరవమైన రాజీని ఎన్నడును చూడలేదు.

ఒక్క పాతచీరతో ఒక్క చేను నిలువవచ్చును. ఒక జాతి నిలువవలెనన్న ఊరంతయు సంచులు కుట్టవలెను. రాబోవు వర్షాకాలమున నారుమళ్లు పోయకమునుపే మీ ఊరి విత్తనపుమడి యేదో నిర్ణయింపుడు. పూత వచ్చిన పిదప ఆలోచింతమనిన యెడల, అప్పటికే తేనెటీగ తన పని ముగించి యుండును.